జవాబు వచ్చేదాకా టేపు ఆపకూడదు

దెయ్యాన్ని తెరమీద చూపించారంటే ఆ దెయ్యం చచ్చిందన్నమాటే. ఇది నా అభిప్రాయం. కాదనేవాళ్ళుంటే రమ్మనండి, కూర్చుని తేల్చుకుందాం. ఇప్పుడొచ్చే సినిమాల్లో మొదలైన కాసేపటికే దాని గోళ్ళూ పళ్ళూ జుట్టూ అన్నీ చూపించేస్తారు, అదేదో పాస్‌పోర్టు ఫొటో దిగడానికి వచ్చినట్టు. ఆపైన చెవులు చిల్లులు పడేలా ఒక మోత. వెనక నుంచి వచ్చి చెవి దగ్గర డబ్బా వాయిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. దాన్ని భయం అంటారా? తలనొప్పి అంటారు.

మా రోజుల్లో దెయ్యాన్ని తయారు చేయించే స్తోమత ఎవరికీ ఉండేది కాదు. అందుకని తలుపు చూపించేవాళ్ళు. ఉత్త తలుపు. గడియ కొంచెం కదిలేది, అంతే. అవతల ఏముందో చూసేవాడే ఊహించుకుని బిక్కచచ్చిపోయేవాడు. అంతరిక్షం కథలైతే ఇక చెప్పక్కర్లేదు. రాకెట్టును వేలాడదీసిన తీగ చక్కగా కనిపించేది. కనిపించనీండి, నాకేం అభ్యంతరం లేదు. తీగ కనిపిస్తున్నా నమ్మానంటే ఆ కథలో దమ్మున్నట్టే.

ఇంత గట్టిగా ఎందుకు మాట్లాడుతున్నానంటే, ఆ తలుపు అవతల ఉన్నది నేనే. అరవడం నా వృత్తి. సినిమాలకూ టీవీ సీరియళ్ళకూ గొంతు అరువిచ్చేదాన్ని. హీరోయిన్‌కు మాటలు ఎవరు చెప్పినా సరే, చావుకేక దగ్గరికొచ్చేసరికి నాకు కబురు వచ్చేది. దెయ్యం నవ్వులు, గొయ్యిలోంచి మూలుగులు, మెట్లమీద ఏడుపులు, అన్నీ నావే. స్టూడియోలో నన్ను 'అరుపులమ్మ' అనేవాళ్ళు. మా అత్తగారు మాత్రం చుట్టాల దగ్గర 'మా కోడలు పాటలు పాడుతుంది' అని చెప్పుకునేది, పాపం.

మా ఆయన ఆ స్టూడియోలోనే సౌండు రికార్డు చేసేవారు. నేను మైకు ముందు చీకటి గదిలో, ఆయన గోడకు అవతల యంత్రాల గదిలో. మధ్య చిన్న అద్దం ఉండేది కానీ నా వైపు దీపం ఆర్పేశాక ఆయనకు ఏమీ కనిపించేది కాదు. నేను అక్కడ చేరకముందు ఎప్పుడో ఒకావిడ కేక పెట్టి నిజంగానే స్పృహతప్పి పడిపోయిందట. ఇవతల గదిలో అందరూ 'అబ్బ, ఎంత బాగా అరిచింది!' అని చప్పట్లు కొట్టారట. కొత్త రీలు పెట్టి, ఇంకోసారి అరవమ్మా అంటే అప్పుడు తెలిసింది. ఆవిడ బతికింది కానీ మా ఆయనకు ఆ చప్పట్లు జీవితాంతం గుర్తుండిపోయాయి.

అప్పటినుంచి ఆయనది ఒకటే పద్ధతి. కేక అయిపోగానే నా గదిలోని స్పీకర్లో అడిగేవారు: "ఉన్నావా?"

నేను "ఉన్నా" అనాలి. ఆ మాట వినబడేదాకా టేపు ఆపేవారు కాదు. నిర్మాత వచ్చి టేపు దండగవుతోందని నెత్తీ నోరూ బాదుకున్నా ఆపేవారు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "జవాబు వచ్చేదాకా టేపు ఆపకూడదండీ," అనేవారు, అదేదో చట్టంలో రాసి ఉన్నట్టు.

పెళ్ళయ్యాక ఆ ప్రశ్న ఇంటికి కూడా వచ్చేసింది. వంటింట్లో గిన్నె పడితే ముందుగదిలోంచి "ఉన్నావా?" అనేవారు. "ఉన్నా, మీ దగ్గర్నుంచి ఎక్కడికి పోతాను?" అనేదాన్ని. మా అమ్మాయి కడుపున పడ్డాక డాక్టరు కేకలు మానెయ్యమంది. మళ్ళీ నేను స్టూడియో గడప తొక్కలేదు. ఆ తర్వాత నా అరుపులన్నీ ఇంట్లోనే. అమ్మాయి ఒక్కచోట నిలిచేది కాదని ఆయన 'పిచ్చుక' అని పేరు పెట్టారు. పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే మొదటి మాట, "పిచ్చుక తిందా?" దానికి పెళ్ళీడు దాటినా అదే మాట.

మా ఇద్దరికీ ఎందులోనూ పెద్దగా గొడవల్లేవు, ఒక్క సీరియల్ విషయంలో తప్ప. అది నేను పనిచేసిన ఆఖరి సీరియల్. వానలు ఆగని ఒక గ్రహం మీద వాతావరణ కేంద్రం. అట్టపెట్టెలకు వెండి కాగితం అతికించి కట్టిన సెట్టు. అక్కడ పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరే చనిపోతుంటారు. వాళ్ళ గొంతులు నేర్చుకున్న యంత్రం, వాళ్ళింకా బతికే ఉన్నట్టు ఇళ్ళకు కబుర్లు పంపుతూ ఉంటుంది. ఆ యంత్రం సొంత గొంతు నాది. దర్శకుడు నన్ను ఒకటే కోరాడు: "అరవొద్దమ్మా. హోటల్లో గది తాళంచెవి ఇచ్చే అమ్మాయిలా మాట్లాడు." అదీ తెలివి! యంత్రం కోప్పడితే ఎవరికీ భయం వేయదు. మర్యాద చేస్తే వేస్తుంది.

గొడవంతా ఆఖరి భాగం గురించి. ఒక తల్లికి నిజం తెలిసిపోతుంది. ఆవిడ కొడుకు ఎప్పుడో పోయాడనీ, రోజూ మాట్లాడుతున్నది యంత్రమనీ చెప్పి, దాన్ని ఆపడానికి ఒక ఉద్యోగి ఇంటికొస్తాడు. ఆవిడ గుమ్మంలోనే అడ్డం నిలబడి "ఉండనివ్వండి. బాగానే ఉంది," అంటుంది. అంతే, అయిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నీ తెలిశాక ఏ తల్లి అయినా అలా అంటుందా? రాసినవాడికి బుద్ధి లేదు, ముగింపు చేతకాక గాల్లో వదిలేశాడు అన్నాను. మా ఆయన మాత్రం "మొత్తం సీరియల్‌లో నిజం ఆ ఒక్క మాటే," అనేవారు. ఎన్నేళ్ళు వాదించుకున్నామో లెక్కలేదు. పాత సినిమా ఏది పెట్టుకుని కూర్చున్నా చివరికి ఆ గుమ్మం దగ్గరికే చేరేవాళ్ళం.

ఆయన పోయిన రోజు కూడా అంతే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏదో పాత హారర్ సినిమా వస్తోంది. ఆయన తన కుర్చీలో, నేను పక్కన. బుద్ధిలేని పిల్ల ఒకతి దీపం పట్టుకుని నేలమాళిగలోకి దిగుతోంది. నా నోరు ఊరుకోదు కదా, దిగకే, వెనక్కి రావే అని ఒకటే గోల. ఎప్పుడూ "నువ్వు చూడనిస్తేగా" అని విసుక్కునే మనిషి మాట్లాడలేదు. నిద్రపోయారేమో అనుకున్నాను. సరదాకి ఆయన మాటే ఆయనకు అప్పజెప్పాను. "ఉన్నారా?"

జవాబు రాలేదు.

ఇప్పుడు నా సంగతి. నిరుడు గొంతు బొంగురుపోయింది. జలుబు అన్నారు, చల్లనీళ్ళు అన్నారు. తీరా పెద్దాసుపత్రికి వెళ్తే లోపల గడ్డ ఉందన్నారు. గొంతుపెట్టె మొత్తం తీసేస్తే గానీ ప్రాణం దక్కదన్నాడు డాక్టరు. "మాట పోతుందమ్మా, మీరు దానికి సిద్ధపడాలి," అన్నాడు. ఎవరిని సిద్ధపడమంటున్నాడు? జీవితమంతా నోరు పెట్టి బతికినదాన్ని.

పిచ్చుక కూడా తండ్రి వృత్తిలోనే ఉంది. పాత టేపులు, రీళ్ళు శుభ్రం చేసి మళ్ళీ వినేలా తయారుచేస్తుంది. ఆపరేషన్ తేదీ ఖాయమైన రోజు నుంచి నా వెంటపడింది. నేను కొన్ని వాక్యాలు చదివి రికార్డు చేస్తే ఒక పరికరం నా గొంతు నేర్చుకుంటుందట. తర్వాత నేను పలకలాంటి ట్యాబ్ మీద టైపు చేస్తే అది నా గొంతుతో చదువుతుందట. నేను ససేమిరా అన్నాను.

"ఈ కథ నాకు తెలుసే. నేనే చేశాను. వెండికాగితం ఒక్కటే తక్కువ," అన్నాను.

"అది సీరియల్ అమ్మా."

"సీరియల్ కాబట్టే చెప్తున్నా. యంత్రానికి గొంతిచ్చినవాళ్ళలో బాగుపడినవాళ్ళు ఒక్కరున్నారా?"

రేపు ఆపరేషన్ అనగా, పొద్దున్నే నన్ను తన పనిగదికి తీసుకెళ్ళింది. సన్నటి గది, గోడలనిండా చప్పుడును మింగే చిల్లుల చెక్కలు, కిటికీకి మందపాటి తెర. కుర్చీలో కూర్చోబెట్టి, చిన్నపిల్లలు తప్పు చేసి నిలబడ్డట్టు నిలబడింది.

"కోప్పడకు. నేను ముందే చేసేశాను," అంది.

"ఏం చేశావు?"

"నీ పాత రీళ్ళన్నీ తెచ్చి దానికి వినిపించాను."

తిట్టడానికి నోరు తెరిచాను. ఈలోగా పిచ్చుక ఏదో టైపు చేసి మీట నొక్కింది. గదిలో నా గొంతు లేచింది. ఇరవయ్యేళ్ళ వయసులో నా గొంతు. కానీ ఎలా! "కొం...చెం మం...చి నీ...ళ్ళు ఇ...స్తా...వా..." అని నూతి అడుగునుంచి పాకుతూ వచ్చినట్టు అడిగింది. పాపం దాని తప్పేముంది, దానికి వినిపించినవన్నీ చావుకేకలూ దెయ్యం నవ్వులూ. నాకు నవ్వాగలేదు. ఆ గొంతుతో మందుల షాపుకు ఫోను చేస్తే వాడు షట్టరు దించి పారిపోతాడు. నేను నవ్వుతుంటే పిచ్చుక కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు, మా నవ్వు ఆగాక, స్పీకర్లోంచి సన్నగా ఇంకో మాట వినిపించింది.

"ఉన్నావా?"

నా గొంతు కాదు. స్టూడియో అలవాటు కొద్దీ అద్దం కోసం చూశాను. అక్కడ గోడే ఉంది.

"నాన్నే," అంది పిచ్చుక మెల్లిగా. "భయపడకు. నీ రీళ్ళలో ప్రతి కేక తర్వాతా నాన్న అడిగిన మాట ఉంది కదా. నీ గదిలో స్పీకర్లోంచి నీ మైకులోకి దూరింది. అది కూడా నీ గొంతులో భాగమే అనుకుంది ఇది. నువ్వు మాట ముగిస్తే ఆ ప్రశ్న రావాలని నేర్చుకుంది."

వివరం బాగానే ఉంది. ఒంటిమీద వెంట్రుకలకు మాత్రం ఆ వివరం అందలేదు.

"తీసెయ్," అన్నాను.

"అమ్మా! నాన్న గొంతు ఇంకెక్కడా లేదు. అందరి గొంతులూ ఆయన రికార్డు చేశాడు కానీ ఆయన గొంతు ఎవరు రికార్డు చేశారు? మనకు మిగిలింది ఈ ఒక్క మాటే."

"తీసెయ్ అంటున్నానా!" నా బొంగురు గొంతుతో అరిచాను, అరుపు అని పేరే గానీ గాలే వచ్చింది. "రేపటినుంచి నాకు నోరుండదు. అప్పుడు ఆయన వచ్చి ఉన్నావా అని అడిగితే నేనేం చెప్పనే? అడుగుతూనే ఉంటారు. టేపు ఆపరు. నీకు తెలియదు ఆయన సంగతి!"

అని ఏడ్చేశాను. దాచుకోవడం దేనికి, గొంతు పోతున్నందుకు అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. పిచ్చుక వచ్చి నా మోకాళ్ళ దగ్గర కూర్చుంది. "నీకోసం కాదమ్మా, నాకోసం," అంది. "రేపు పొద్దున్నుంచి నన్ను 'ఏమే' అని పిలిచేవాళ్ళు ఉండరు. నాకది కావాలి."

ఇంకేం చెప్పను? ఒప్పుకున్నాను. కానీ రెండు షరతులు పెట్టాను. ఈ దెయ్యం గొంతు వద్దు, ఆ వానల సీరియల్‌లో యంత్రం పాత్రకు నేను చెప్పిన మాటలు మాత్రమే వాడాలి. ఆయన మాట మొత్తం తీసెయ్యాలి. పిచ్చుక మధ్యాహ్నం దాకా కూర్చుని రెండూ చేసింది. నా ముందే మళ్ళీ మళ్ళీ వినిపించింది. మాట ముగిశాక శుభ్రంగా నిశ్శబ్దం.

ఆపరేషన్ బాగానే అయింది. మెడలో చిన్న రంధ్రం, ఒళ్ళో పలక, అదీ నా కొత్త జీవితం. ఇందులో ఒక ముచ్చట చెప్పాలి. నేనేం టైపు చేసినా అది హోటల్లో తాళంచెవి ఇచ్చే అమ్మాయిలాగే చదువుతుంది. పాలవాడు రోజూ ఆలస్యంగా వస్తున్నాడని "నీకు సిగ్గూ లజ్జా లేవా?" అని టైపు చేస్తే, అది ఎంత గౌరవంగా అడిగిందంటే వాడు నాకు దండం పెట్టాడు. పిచ్చుక పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నేను దాన్ని "ఏమే" అని పిలిచిన మొదటిసారి మాత్రం అది నవ్వలేదు, వంటింట్లోకి వెళ్ళిపోయి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. పిచ్చుక అన్నం తిని పనికి వెళ్ళింది. బయట ముసురు. టీవీలో నేలమాళిగ సినిమా మళ్ళీ వేశారు, ఆయనతో సగం చూసి వదిలేసినది. సౌండు తీసేసి పెట్టుకున్నాను. పాత సినిమాలు నేనిప్పుడు అలాగే చూస్తున్నాను, సంగీతం కూడా అనవసరమే అని నా కొత్త అభిప్రాయం. ఆ పిల్ల దీపం పట్టుకుని మెట్లు దిగుతోంది. అలవాటు ఎక్కడికి పోతుంది? "వెనక్కి రావే, బుద్ధిలేని దానా," అని టైపు చేసి నొక్కాను. ఖాళీ కుర్చీ పక్కన నా పడుచు గొంతు ఎంతో మర్యాదగా ఆ మాట అంది.

తర్వాత నిశ్శబ్దం. వాన చప్పుడు.

"ఉన్నావా?"

టీవీ వైపు చూశాను. దానికి సౌండు లేదు. పలక వైపు చూశాను. తెరమీద నేను టైపు చేసిన వాక్యం తప్ప ఏమీ లేదు. ఎక్కడో తుడవకుండా మిగిలిపోయిన ముక్క అయి ఉంటుంది, సాయంత్రం పిచ్చుకకు చెప్పాలి అనుకున్నాను. గుండె మాత్రం గొంతులోకి వచ్చింది, గొంతు లేదు కాబట్టి ఆ రంధ్రం దగ్గర కొట్టుకుంది. "ఉన్నా" అని టైపు చేశాను. నొక్కాను.

నా గొంతు "ఉన్నా" అంది.

కాసేపటికి, చెప్పులు విప్పుతూ అడిగే మనిషి తీరులో కాస్త అలసటగా, వినిపించింది. "పిచ్చుక తిందా?"

ఆ రీళ్ళన్నీ పిచ్చుక పుట్టకముందువి. ఆ పేరు అప్పటికి ఈ లోకంలో లేదు. ఏ మైకులోకీ దూరలేదు, ఏ టేపు మీదా లేదు. నేనే ఎప్పుడో పలక మీద ఆ పేరు టైపు చేసి ఉంటాను, దాన్ని ఇది పట్టుకుని ఉంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ 'తిందా' దగ్గర తగ్గిన గొంతు నాకు తెలుసు. అంత కాపురం చేశాను, ఆ మాత్రం తెలియదా? మంచి పాత సినిమా ఒక తలుపు తీసి చూపిస్తుంది, ఇంకో తలుపు వేసే ఉంచుతుందని ఊరందరికీ చెప్పేదాన్ని నేనే. వేసి ఉన్న తలుపు ముందు ఒంటరిగా కూర్చుంటే ఎలా ఉంటుందో మాత్రం ఆ రోజే తెలిసింది. భయం వేసింది. చచ్చేంత భయం వేసింది. లేచి అవతలికి పోవాలనిపించలేదు.

"తింది," అని టైపు చేశాను. నొక్కాను. తర్వాత, ఆ రోజు జవాబు రాని మాటే మళ్ళీ టైపు చేశాను. "మీరున్నారా?"

నొక్కాను. నా గొంతు అడిగింది. వాన పడుతోంది. తెరమీద ఆ పిల్ల ఆఖరి మెట్టు మీద దీపం ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడే బయట తాళం తిరిగింది. పిచ్చుక తడిసిన గొడుగు దులుపుతూ వచ్చింది.

"అమ్మా, నీ పలకకి కొత్త వెర్షన్ వచ్చింది. పాతదంతా తుడిచేసి మళ్ళీ ఎక్కించాలి. ఎక్కడైనా పాత చెత్త మిగిలి ఉన్నా పోతుంది. ఇలా ఇవ్వు, ఇప్పుడే చేసేస్తా," అని చెయ్యి చాచింది.

నేను పలకను రెండు చేతులా గుండెకు అదుముకున్నాను.

"ఏమైందమ్మా? అలా పాలిపోయావేంటి? ఏమైనా తేడాగా మాట్లాడుతోందా?"

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంటా బయటా అందరికీ తెలుసు. మాట వేళ్ళ దాకా వచ్చింది. చెప్తే పిచ్చుక వెంటనే కూర్చుని లోపం ఎక్కడుందో వెతుకుతుంది. దాని పని అది. వెతికి పట్టుకుని తీసేస్తుంది కూడా.

పలకను కొంచెం దించి, దాని మీద చెయ్యి వేయనివ్వకుండా టైపు చేశాను.

"ఉండనివ్వు. బాగానే ఉంది."

నా పడుచు గొంతు ఆ మాట చెప్తుంటే విన్నాను. ఆ ముగింపును ఎన్నేళ్ళు తిట్టానో, ఆ రాసినవాడెవరో ఇప్పుడు ఎదురైతే క్షమాపణ అడిగేదాన్ని. మా ఆయనకైతే, ఓడిపోయానని ఒప్పుకునేదాన్ని.

పిచ్చుక నన్ను అనుమానంగా చూసి, "సరే, నీ ఇష్టం. రేపు చూద్దాం," అని బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

రేపు కాదు, ఎల్లుండి కాదు. నేను పలకను ఆయన కుర్చీలో ఆనించి పెట్టి, దానివైపు తిరిగి కూర్చున్నాను. నేను అడిగాను, ఆయన ఇంకా చెప్పలేదు. జవాబు వచ్చేదాకా టేపు ఆపకూడదు.